ఆర్కిడ్ కాడ కోసిన చెయ్యి

మంగళగిరి చేనేత వస్త్రాల వ్యాపారి ఆదిశేషయ్య అను నేను, వయస్సు 72, ప్రస్తుత నివాసం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి ఫ్లాటు, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో ఈ వీలునామా రాస్తున్నాను. మతి తప్పి రాశానని నా కొడుకు అనవచ్చు. అందుకే డాక్టరు గారి సర్టిఫికెట్టు జతచేశాను.

1. షాపు, ఫ్లాటు కొడుకు భానుచందర్‌కు, మంగళగిరి ఇల్లు కూతురు సింధూరికి సర్వహక్కులతో చెందవలెను.

2. ఇక అసలు సంగతి, బాల్కనీలోని ఊదారంగు ఆర్కిడ్. తిరిగి అమ్మడానికి కాకుండా నేను ముచ్చటపడి కొన్నది అదొక్కటే. పూలు రాలగానే అందరి కన్నూ దాని మీద పడింది. అక్కడ ఏసీ డబ్బా పెడతానని భాను. మోడు ఇంట్లో ఉండకూడదని సింధూరి. కోడలు నాగవేణి ఏమీ అనలేదు. నోరు విప్పకుండా చీరలన్నీ తిరగేసి పోయేవాళ్లను చూసి చూసి, నాకు అలాంటివాళ్ల మీదే అనుమానం ఎక్కువ.

3. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చేసరికి పూలకాడ కోసి ఉంది! ఒళ్లు మండిపోయింది. తీరా చూస్తే కింద రెండు కణుపులు వదిలి, ఆ పైన శుభ్రంగా కోసి, గాయానికి పసుపు అద్దారు. పచ్చికాడను అలాగే కోయాలి, ఎండినదైతే మొదలంటా తీసేయాలి. ఈ ఇంట్లో అది నాకొక్కడికే తెలుసనుకున్నాను. అడిగితే నాకేం తెలుసు నాన్నా అని పిల్లలు, నాకేం తెలుసండీ మావయ్యగారూ అని కోడలు.

4. కూపీ లాగుదామని భోజనాల దగ్గర ఒక అబద్ధం వదిలాను. రోజూ ఆకుల నడుమ నీళ్లు నిలిచేలా పోయాలన్నాను. అలా పోస్తే కుళ్లి చస్తుంది. మర్నాడు పేపరు చాటు నుంచి కనిపెట్టాను. భాను చెంబుడు నీళ్లు గుమ్మరించి పోయాడు. చెప్పాననే పోశాడో, చంపుదామనే పోశాడో ఇప్పటికీ తేలలేదు. వాడి వెనకే నాగవేణి వచ్చి, కుండీ ఒంచి నీళ్లు పారబోసి, మిగిలిన తడిని కొంగు కొసతో అద్దింది. నలుగురిలో నా మాట తప్పనలేదు. మొక్క మీద నేను ఎవరినీ చెయ్యి వేయనివ్వను గనక, నేను లేనప్పుడు కోసింది.

5. కాబట్టి ఆర్కిడ్, కుండీ, కత్తెర నాగవేణికి చెందవలెను. వారానికోసారి నీళ్లు, అవీ అడుగునుంచి కారిపోవాలి. మట్టి వేయరాదు, బెరడు ముక్కలు చాలు. బయటికి వేలాడే పచ్చి వేర్లు కోయరాదు. భాను చేతికి కత్తెర ఇవ్వరాదు. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో లాయరు యేసుకుమార్ గారు చెప్పాపెట్టకుండా వచ్చి చూడవలెను.

6. అమ్మా నాగవేణీ, మళ్లీ పూస్తే ఆ పూలు తెంపి నా ఫొటోకు పెట్టొద్దు. ఫొటోనే తెచ్చి మొక్క పక్కన పెట్టు. అక్కడైతే నేనూ ఓ కన్నేసి ఉంచుతాను.

విజయవాడ, 14-08-2024
(సంతకం) ఆదిశేషయ్య

సాక్షులు:
1. డేనియల్, కింది ఫ్లాటు
2. సంపూర్ణమ్మ, ఎదురు ఫ్లాటు