నేను తొక్కని బ్రేకు

ఎర్రగుంట్ల,
సోమవారం.

జీవమ్మక్కకు తమ్ముడు దావీదురాజు వందనాలు.

మా కొత్త కారు మనిషిని గుద్దిందని నీకెవరో చెప్పారట. అది నిజం కాదు, అందరం బాగున్నాం. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

శనివారం మా పాప నిస్సీని కాలేజీ నుంచి తీసుకొస్తున్నాను. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ చాటు నుంచి ఒక ముసలి గొర్రెల కాపరి, తప్పించుకున్న గొర్రెపిల్లను పట్టుకోబోయి కారుకు అడ్డంగా వచ్చేశాడు. నా కాలు బ్రేకు మీదికి చేరకముందే కారు బీప్‌మని అరిచి, దానంతటదే ఆగిపోయింది. అతనికీ కారుకీ మధ్య జానెడు దూరం. ఇరవై ఆరేళ్లు లారీ తోలినవాణ్ణి, నేనైతే అంత తొందరగా ఆపలేకపోయేవాణ్ణి.

"శానా బాగా తొక్కినావప్పా బ్రేకు!" అన్నాడతను.

"నేను తొక్కలేదు పెద్దాయనా, అదే నిలబడింది."

అతను గొర్రెపిల్లను చంకన పెట్టుకుని ముందుకు వంగాడు. "దీనికి కండ్లు ఉండాయా ఏంది?"

అద్దం వెనక ఉన్న కెమెరాను నిస్సీ చూపించింది. అతను దానికి దండం పెట్టాడు. నాకు నవ్వు రాలేదక్కా.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మిద్దె కారడం ఆగిందా? మీ జయపాల్ ఇటు వచ్చేటప్పుడు రెండు కిలోల కందిబేడలు పంపు. బావకు వందనాలు, పిల్లలకు దీవెనలు.

నిన్న చర్చిలో ఆ కారును తయారు చేసినవాళ్ల కోసం ప్రార్థన చేశాను. వాళ్ల పేర్లు తెలియక, "తండ్రీ, వాళ్లెవరో నీకు తెలుసు" అని ఊరుకున్నాను. నువ్వు కూడా వాళ్లను తలుచుకో.