ఏసోబు అమ్మిన ఈకలు

1964 జనవరి, ఆదివారం

మెత్తటి బాతు నూగు అని నమ్మించి ఏసోబు నాకు కోడి ఈకలు అమ్మాడు. వాటితోనే మా ఆయనకు లోపల దూరి పడుకునే పడక సంచి కుట్టాను. అందులో చేలో కాపలా పడుకుంటే మంచుకి రొమ్ము పట్టేసింది. ఇంకా దగ్గుతూనే ఉన్నారు.

పోయిన వారం ఏసోబే వచ్చి, బాతుల మంద దగ్గర పడుకోవడానికి తనకూ ఒకటి కుట్టమన్నాడు. మా సంచి విప్పి, ఆ ఈకలే కూరి ఇచ్చాను.

ఈరోజు చర్చి బయట ఆపాడు.

"ఏందక్కా, ఈకలన్నీ గుచ్చుకుంటా ఉండాయి. చలి ఆగలా."

"నువ్వు అమ్మినవే, ఏసోబూ."

తల దించుకున్నాడు. "మా అమ్మకి కప్పినానక్కా. రాత్రి నించి ఒకటే దగ్గు."

ఆ ముసలామె నాకేం చేసింది? అయినా మార్చి ఇస్తానని అనడానికి నోరు రాలేదు. నాలాగే వాడూ తెల్లవార్లూ పక్కన కూర్చుని ఆ దగ్గు వినాలి.