కలిపే చెయ్యి ఆపమంటే

అమ్మాయికి ఆశీస్సులు. నీ కూతురూ నేనూ క్షేమం. ఫోనులో చెబితే అది వింటుందని కార్డు రాస్తున్నాను.

నిన్న అది మూడు రంగుల సబ్బు చేయబోయింది. నచ్చితే నెలనెలా తీసుకుంటానని దుకాణం ఆవిడ మాటిచ్చింది. నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి, చేతిమిక్సీ నాకిచ్చి, "రెండూ కలిసిపోగానే ఆపెయ్యి అమ్మమ్మా, జారుగా ఉంటేనే రంగులు అలల్లా పడతాయి" అని రంగులు తీయడానికి అటు తిరిగింది. కలిపే చెయ్యి ఆపకూడదని నీకు నేర్పినదాన్ని, నేను ఆపుతానా? అది ఇటు తిరిగేసరికి గిన్నెలో గరిటె నిలబడింది. "ఇదేమైనా పొయ్యి మీద ఉందా అమ్మమ్మా, అడుగంటడానికి?" అంది. అరిచినా బాగుండేది. ఆ ముద్దను అచ్చులో కుక్కింది. మన ఒంటికి పనికొస్తుంది గాని అమ్మకానికి రాదు. నూనెలు ఇంకొక్క వాయికే మిగిలాయి.

రేపు ఆ వాయి కలుపుతుంది. నూనెలు గోరువెచ్చన కాగానే మిక్సీ కొద్దిగా తిప్పి, ఆపైన గరిటెతోనే కలుపుతుందట. త్వరగా గట్టిపరుస్తుందని లవంగ నూనె కూడా మానేసింది. దుకాణం ఆవిడ వచ్చేది సోమవారం.

అల్లుడి దగ్గు తగ్గిందా? పెరటి కొళాయి బాగుచేయించావా? నా మందపాటి శాలువా పంపు. నీ కూతురితో ఈ ముద్ద సంగతి ఎత్తకు. ఇంటిల్లిపాదికీ దీవెనలు.

రేపు నన్ను గదిలోకి రావద్దంది. న్యాయమే. గుమ్మం బయట కూర్చుని మిక్సీ చప్పుడు వింటాను. అది ఆగేదాకా నా ప్రాణం కుదుటపడదు.

మీ అమ్మ