బిగువు కాజాలు

గురువారం, రిగ్గై.

పాత తుపాకులు సరదాకి పోగేసుకునే అరబ్బు ముసలాయన పోయినవారం, నేను పనిచేసే ఈ గల్ఫు టైలర్ షాపుకొచ్చి ఒక గుడ్డ తొడుగు ఇచ్చినాడు. ఎప్పటిదో యుద్ధంలో, కందకాల బురద తుపాకీలోకి పోకుండా తొడిగింది. అట్లాంటిదే కొత్తది కుట్టమన్నాడు. దానికుండేవి లాగితే ఊడే టిచ్ బటన్లు. అవేం బలమని నేను ఆరు గుండీలు పెట్టి, కాజాలు బిగువుగా కుట్టినా. నా పనితనం!

ఈ పొద్దు ఆయన తుపాకీకి తొడిగి లాగినాడు. రాలేదు. ఒక్కో గుండీ విప్పుతా నవ్వినాడు. "ఇంతలోపల సిపాయి ఖలాస్!"

నాకు నవ్వు రాలేదు. పోయిన సెలవులో ఊరికి పోయినప్పుడు, బార్డర్లో సిపాయిగా ఉండే తమ్మునికి గూడా తుపాకీకి ఇట్లాంటి గుండీల తొడుగే కుట్టిచ్చినా. "బురద చుక్క గూడా దూరదన్నా" అని మురిసిపోయినాడు. దానికి ఎనిమిది కాజాలు. కత్తెరతో కోసి పారెయ్ రా అని చెప్దామంటే, సాయంత్రం నుంచి వాని ఫోన్ కలవడంలే.