మూత వెనక పెట్టను

మార్చి 30, ఆదివారం. ఉగాది.

ఉదయం 5.30. తలస్నానం అయింది. పచ్చడి అయింది. వేపపువ్వు కొంచెం ఎక్కువ పడింది. ఏడాది ఎలా ఉంటుందో రాముడికి తెలియాలి.

ఈ రోజు నుంచి శ్రీరామనవమి దాకా రోజుకు వెయ్యిన్నెనిమిది సార్లు రామనామం రాయాలని సంకల్పం. గళ్ళు కొట్టిన రామకోటి పుస్తకం మా తమ్ముడు విజయనగరం నుంచి పంపాడు. రాసేది బాల్‌పెన్నుతో కాదు. మావయ్యగారి ఇంకు పెన్నుతో!

మావయ్యగారి పేరు బైరాగి. గార్డెన్ రీచ్ డాకులో చీటీలు రాసే గుమాస్తా. సాయంత్రాలు మా వీధిలో అక్షరం రాని తెలుగువాళ్ళందరికీ ఊరికి ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఆయన పోయి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా పెన్ను జేబురుమాలులో చుట్టుకుని బీరువాలో పడుకుంది. నల్లటి పెన్ను. వెనక చివర ఆయన పేరు రాసిన చిన్న కాగితం ముక్క, దాని మీద పసుపుపచ్చగా మారిన టేపు.

బీరువా తాళంచెవి మా ఆయన మొలతాడుకుంటుంది. భర్త పేరు నోటితో అనకూడదు గానీ రాయడంలో దోషం లేదనుకుంటాను. కూర్మయ్యగారు. పోర్టులో ఫోర్‌మన్. పెన్ను ఇస్తూ ఆయన పెట్టిన షరతు:

"మూతెనక్కి తగిలించకు. అది మా నాన్న మాట. మూత పారీకు. ఈ రెండిట్లో ఏది తప్పినా నవమి దాటాక పెన్ను మళ్ళీ బీరువాలోకే. తప్పకపోతే ఇంక నీదే."

నాకు మాత్రం తెలియదా? ఇరవై రెండేళ్ళకి కొత్తకోడలిగా ఈ కలకత్తా వచ్చినప్పుడు రేషన్ కార్డు ఫారం ముందు పెట్టి, ఈ పెన్నే చేతికిచ్చి మావయ్యగారు చెప్పిన మొదటి మాట అది. మూత వెనక పెడితే బరువు వెనక్కి లాగుతుందనీ, అక్షరం తిన్నగా రాదనీ. పదో తరగతి పాసైన దాన్ని, నా చేత అంతకు ముందు ఎవరూ సంతకం పెట్టించలేదు.

నియమాలు:
1. ఒక్కో నూటెనిమిది పూర్తయ్యే దాకా మౌనం.
2. మూత వెనక పెట్టను.
3. మూత ఎడమచేతి పిడికిట్లో. పోయే ప్రసక్తే లేదు.

9.15. వెయ్యిన్నెనిమిది అయ్యాయి! మూత పిడికిట్లోనే ఉంది. ఇంత సులువైన దానికి షరతులు పెట్టారేమిటో.

మార్చి 31, సోమవారం.

ఉదయం 6.00. ఎడమ అరచేయి నీలంగా ఉంది. తోమినా పోలేదు. కృష్ణుడి చేయి అనుకున్నాను.

6.20. ఫ్యాను గాలికి పేజీలు తిరిగిపోతున్నాయి. పుస్తకం పట్టుకోవడానికి ఎడమచేయి కావాలి. ఆ చేతిలో మూత ఉంది. మోచేత్తో పట్టుకున్నాను. నలభై నామాలకి మెడ పట్టేసింది.

6.45. మూత చెంగున ముడి వేశాను. ఇంటి తాళాలు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ముడిలోనే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

8.30. ఉగాది చీర. కొత్తది. చెంగు మీద రూపాయి బిళ్ళంత నీలం మచ్చ. మూత లోపల ఇంకు ఉంటుందని ఎవరనుకున్నారు?

అయినా 1008. జై శ్రీరామ.

ఏప్రిల్ 1, మంగళవారం.

మంచి ఆలోచన వచ్చింది. మూతని పూజ దగ్గర గంధం గిన్నెలో నిలబెట్టాను. నిటారుగా బుద్ధిగా నిలబడింది. రాముడి ఎదురుగానే ఉంది, ఇంక భయమేముంది?

7.40. రాయడం అయ్యాక మూత పెట్టేశాను.

11.00. రెండో విడతకి తీస్తే పెన్ను రాయదు. పాళీ నిండా గంధం. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడిచి, ఊది, గంటసేపు. ఆఖరికి రాసింది. ఇల్లంతా ఇంకూ గంధమూ కలిసిన వాసన. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఎవరింట్లో పెళ్ళని అడిగారు. నేను మౌనంలో ఉన్నాను. మౌనం ఎంత గొప్పదో ఈ రోజు అర్థమైంది.

ఏప్రిల్ 2, బుధవారం.

వేలు నొప్పి. మూత లేకపోతే ఈ పెన్ను మరీ పొట్టి. చిటికెన వేలంత. బొటనవేలి మొదట్లో ఆనడం లేదు, జారిపోతోంది. అక్షరాలు కూడా తూలుతున్నాయి. "శ్రీ" గుడిదీర్ఘం ఒకచోట పక్క గడిలోకి పోయింది.

మా అమ్మాయి సమీర ఫోనులో వెతికి చెప్పింది. ఈ మూత సంగతి మీద దేశదేశాల వాళ్ళు పోట్లాడుకుంటారట. పెట్టాలని సగం మంది, పెట్టకూడదని సగం మంది. దానికి తెలుగు చదవడం కూడబలుక్కుంటేనే వస్తుంది గానీ ఇలాంటివి బాగా చదువుతుంది.

"మా, ఒక్కసారి పెట్టి చూడు నా. బాబా ఇంట్లో లేడు కదా," అంది. అమ్మానాన్నల్ని అది బెంగాలీలోనే పిలుస్తుంది.

తప్పు అన్నాను.

10.30. పరీక్ష కోసం పది నామాలు మాత్రం మూత వెనక పెట్టి రాశాను. పరీక్ష వేరు, రాయడం వేరు.

10.40. ఆ పదీ ముత్యాల్లా ఉన్నాయి.

ఏప్రిల్ 3, గురువారం.

ఉదయం మొదటి నూటెనిమిది మూత లేకుండానే రాశాను. ఇది ముందు రాసుకోవాలి.

తరువాత మూత వెనక పెట్టి రాసినవి, కారణాలతో:
వంద, కుక్కర్ విజిల్ వేస్తోంది కాబట్టి మూత ఎక్కడ పెట్టాలో ఆలోచించే తీరిక లేక.
రెండు వందలు, వేలు నొప్పి వల్ల.
మూడు వందలు, రాముడికి అందమైన అక్షరాలు ఇవ్వాలి కాబట్టి.
మిగతా మూడు వందలు, అప్పటికే పెట్టి ఉంది కాబట్టి.

11.30. పక్క పోర్షన్ మేరీరాణి పెరుగు తోడుకి వచ్చి చూసేసింది. చర్చిలో పాటల పుస్తకాలన్నీ చేత్తో ఎక్కించేది ఆమే. ఆవిడ బాల్‌పెన్ను మూత పళ్ళ మధ్య పట్టుకుని రాస్తుంది. 

"వదినా, మూతెట్టుకోడానికే దేవుడు నోరిచ్చినాడు. నీకు మౌనం కూడాను, నోరు కాళీయే గదా."

ఎంగిలి, ఎంగిలి. రామనామం రాసే పెన్ను. చెంపలు వేసుకున్నాను. ఆమె నవ్వుతూ కూర్చుండిపోయింది. అన్నయ్యకి చెప్పనని మాటిచ్చింది. చెప్పకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో మొహం మీద కనబడుతోంది.

12.10. మూత పెట్టీ తీసీ పెట్టీ తీసీ, మావయ్యగారి పేరు చీటీ మీది టేపు ఒక మూల లేచింది. అన్నం మెతుకు నలిపి అంటించాను. వేలితో వంద లెక్కపెట్టే దాకా అదిమి పట్టుకున్నాను. అంటుకుంది. రామా, ఇంక పెట్టను.

ఏప్రిల్ 4, శుక్రవారం.

పెట్టాను. దాచడం దేనికి, మొత్తం వెయ్యిన్నెనిమిదీ అలాగే రాశాను. ఇంత హాయిగా ఈ వారంలో ఒక్క రోజూ రాయలేదు. పెన్ను తనంతట తను నడిచింది, నేను పక్కన నడిచినట్టే ఉంది.

సాయంత్రం 5.50. ఆఖరి వరుసలో ఉండగా తలుపు చప్పుడు. ఆయన గంట ముందే వచ్చేశారు! మూత లాగేసి, చెయ్యి ఎటు పోతే అటు, రాముడి పటం ముందున్న పువ్వుల కింద దోపేశాను. ఆయన వచ్చి చూశారు. మూత లేని పెన్ను. పుస్తకం. మౌనంలో భార్య. ఎంతో సంతోషించారు.

"మా నాన్న కూకున్నట్టే ఉందే నిన్ను చూస్తంటే."

ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

6.30. ఆయన టీ గ్లాసుతో పూజ పక్కనే కూర్చున్నారు, కదలరు. పాళీ ఆరిపోకుండా టూత్‌పేస్టు మూత బోర్లించాను. అసలు మూత రేపు పొద్దున్నే తీసుకుంటాను.

ఏప్రిల్ 5, శనివారం.

ఏం జరిగిందో వరుసగా రాస్తాను.

ఉదయం 6.40. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన ఇంటి ముందు నీళ్ళు జల్లుతున్నారు. మూత ఆయన వెళ్ళాక తీద్దామని, పటం వైపు చూడకుండా రాయడానికి కూర్చున్నాను. మౌనం మొదలు.

6.55. వారం రోజుల వాడిన పువ్వులు సంచీలో కట్టి గంగ ఒడ్డుకి తీసుకెళ్ళడం ప్రతి శనివారం ఆయన పని. ఘాట్ దగ్గరకు వెళ్తున్నానని చెప్పి మెట్లు దిగిపోయారు.

6.56. తల ఎత్తి చూశాను. రాముడి ముందు నున్నగా ఉంది. ఒక్క పువ్వు లేదు. నవమి వస్తోందని తుడిచి ముగ్గు కూడా వేశారు.

ముప్ఫై ఒకటో నామంలో ఉన్నాను. మాట్లాడకూడదు. బాల్కనీలోకి పరుగెత్తి చప్పట్లు కొట్టాను. కింద కూరగాయలమ్మే బెంగాలీ దాదా తలెత్తి చూశాడు, ఎదురింటి దర్జీ మిషను ఆపాడు, రెండు కాకులు లేచాయి. ఆయన మాత్రం చూడలేదు. పళ్ళెం తెచ్చి గరిటెతో వాయించాను. సంచీ ఊపుకుంటూ వెళ్ళి ఆటో ఆపుతున్నారు. ఒక కాలు లోపల పెట్టారు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది.

"కూర్మయ్యా!"

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ పేరు నా నోట పలకలేదు. నా గొంతు పక్క గదికి కూడా వినపడదని అందరూ అంటారు. ఈ రోజు వీధి చివర ఆటో దాకా వినపడింది. ఆయన సంచీ చంకలో పెట్టుకుని పరుగున వచ్చారు, ఇంట్లో ఎవరికేమైందోనని. మేరీరాణి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కూర్మనాథుడు కూడా విష్ణువే. ఆ ఒక్క పిలుపూ నామాల్లో కలుపుకున్నాను. మౌనం సంగతి రాముడే చూసుకోవాలి.

7.10. సంచీ పేపరు మీద గుమ్మరించాం. బంతిపువ్వుల మధ్య నుంచి మూత దొర్లి ఆయన కాలికి తగిలింది.

"ఇదేటే, మూతకి కూడా పువ్వులెట్టి పూజలు చేస్తన్నావా?"

నవరాత్రుల్లో అబద్ధం ఆడలేను. గంధం, చెంగు, పరీక్ష, కారణాలు, అన్నీ చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మూత తుడిచి నా చేతిలో పెట్టి, రేపు గుడికి వెళ్ళి వచ్చాక బీరువాలో పెట్టేద్దామన్నారు. మెల్లగానే అన్నారు.

న్యాయమే. అయినా మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఆరేళ్ళు చీకట్లో ఉన్న పెన్ను, వారం రోజులు వెలుతురు చూసింది. నా వల్లే మళ్ళీ లోపలికి పోతోంది.

సాయంత్రం 4.00. రాసేది పూర్తి చేసి, అప్పగించే ముందు శుభ్రంగా ఇవ్వాలని పెన్ను నీళ్ళలో కడిగాను. అన్నం మెతుకు నానిపోయి మావయ్యగారి పేరు చీటీ ఊడి చేతిలోకి వచ్చేసింది. ఏడుపొకటే తక్కువ.

4.05. చీటీ కింద ఏదో ఉంది. కళ్ళజోడు పెట్టుకున్నాను.

పెన్ను చుట్టూ అరిగిన గీత. ఉంగరం తీసేశాక వేలి మీద ఉండే గుర్తులాంటిది. మూత వెనక పెట్టి చూశాను. అంచు సరిగ్గా ఆ గీత మీదే వచ్చి ఆగింది. నేను పెట్టింది మూడు రోజులు. మూడు రోజులకి ఇంత అరుగుతుందా? ఆ గీతకి నలభై ఏళ్ళు ఉంటాయి.

మావయ్యగారూ!

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి.

ఉదయం గుడికి. మన తెలుగువాళ్ళ రామమందిరంలో పానకం, వడపప్పు. పుస్తకం స్వామి పాదాల దగ్గర పెట్టాను. ఒక్క వరుస ఖాళీగా ఉంచాను, ఎందుకో. పూజారిగారు తాకించి తిరిగి ఇచ్చారు.

మధ్యాహ్నం 1.30. ఆయన తాళంచెవి తీసి చెయ్యి చాపారు. పెన్ను ఇచ్చాను, చీటీ వేరుగా. ఆయన గీత చూశారు. చాలాసేపు చూశారు. ఆశ్చర్యపోలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఈ గీత ఆయనకు కొత్త కాదని.

"చీటీ నేనే అంటించీసినాను," అన్నారు. "నాన్న పోయిన మూడో నాడు. ఎవరి కంటా పడకూడదని."

మావయ్యగారు నలుగురి ముందు ఒట్టి పెన్నుతోనే రాసేవారట. అందరికీ ఆ మాటే చెప్పేవారట. మా ఆయన చిన్నప్పుడు ఒకనాడు నీళ్ళు తాగడానికి లేచి చూస్తే, తండ్రి గోడకి ఆనుకుని కూర్చుని, మూత వెనక పెట్టుకుని హాయిగా రాసుకుంటున్నారట.

"అడిగినావా?" అన్నాను. కంగారులో గారూ మీరూ రాలేదు. నిన్న పేరే పెట్టి పిలిచాక ఇంకేం మిగిలింది.

"అడిగినాను. చెప్పిన మాట ఇతరులకిరా, చెయ్యి నాదిరా అన్నాడు."

ఇద్దరం నవ్వాం. సమీర వచ్చి ఏమిటేమిటని అడిగింది. మాకు చెప్పడానికి ఊపిరి అందలేదు.

తరువాత ఆయన ఖాళీ వరుస చూసి, తను ఒకటి రాస్తానన్నారు. యాభై ఏడేళ్ళ మనిషి, క్రేనులు నడిపించే మనిషి, బడిపిల్లాడిలా నాలుక బయట పెట్టి "శ్రీరామ" అని రాశారు. రాసే ముందు మూత తీసి, చూసుకోకుండానే వెనక తగిలించారు. నేను చూశాను.

బీరువా తెరిచి జేబురుమాలు ఒక్కటే మడిచి లోపల పెట్టారు. పెన్ను రాముడి పటం పక్కన ఉంది. చీటీ మళ్ళీ అంటించాను, గీత మీదే. ఈసారి మంచి జిగురుతో.

ఏప్రిల్ 7, సోమవారం.

ఉదయం 6.00. కొత్త పుస్తకం. కొత్త సంకల్పం. పెద్దల మాట పెద్దల మాటే. ఎవరు ఏం చేశారన్నది మనకెందుకు? లక్ష నామాలు. మౌనం. మూత ఎడమచేతి పిడికిట్లో. వెనక పెట్టను. ఈసారి ఖాయం.

7.00. నూటెనిమిది అయ్యాయి, మూత పిడికిట్లోనే ఉంది. ఆయన వెళ్తూ చూసి తల ఊపారు.

7.20. ఆయన డ్యూటీకి వెళ్ళారు. సమీర ఆఫీసుకి వెళ్ళింది. మేరీరాణి తలుపు మూసి ఉంది. ఇంట్లో నేను ఒక్కదాన్నే.