లోయ ఇదేనన్నాను

మే 3, ఉదయం

బయల్దేరాం. అద్దె క్యారవాన్. వెనక మంచం, పొయ్యి, మోచేతులు రెండూ గోడలకు తగిలేంత బాత్రూమ్. డ్రైవింగ్ నాది. పక్క సీట్లో మా ఆయన, రిటైరైన జాగ్రఫీ మాస్టారు. ఇన్నేళ్లూ బోర్డు మీద గీసిన కొండలూ కోటలూ చూపు పూర్తిగా పోయేలోపు చూడాలట. పోవడానికి ఇంకేం మిగల్లేదని కళ్ల డాక్టర్ నాతో విడిగా అన్నాడు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. కాబట్టి చూసేది నేను, చెప్పేది నేను. తప్పులు దిద్దేది మాత్రం ఆయన.

మే 5

కోట. తలుపు ఆకుపచ్చగా ఉందన్నాను. కాదు, ఎరుపన్నారు. పుస్తకంలో అలాగే ఉందట. నిరుడు రంగు మార్చారని గైడ్ చెప్పాడు. గైడ్‌కీ ఏమీ తెలియదని తేల్చేశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పెళ్లయినప్పటి నుంచీ ఇదే వరస. పాలు విరిగాయంటే గిన్నె తెప్పించుకుని వాసన చూస్తారు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూస్తారు. నేను చెప్పానని ఒక్క మాట, ఒక్కసారి నమ్మితే చాలు నాకు. ఈ ట్రిప్‌లోనైనా ఆయనకు వేరే గతి లేదనుకున్నాను. పిచ్చిదాన్ని.

మే 6

జలపాతం. కుడివైపు పాయ సన్నగా ఉందన్నాను. ఎడమవైపు చూసి ఉంటావన్నారు.

మే 8, సాయంత్రం

ఆయన ప్రాణమంతా పెద్ద లోయ మీదే. అది ఇంకా సగం రోజు దూరం. పొద్దుటి నుంచీ నా గేర్లకీ నా బ్రేకులకీ నా తెలివికీ వంకలు. మా ఆడపడుచు నన్ను మట్టిబుర్ర అనేదట, ఎంత సరిగ్గా అన్నదో ఇప్పుడు తెలిసిందట. ఒళ్లు మండిపోయింది. రోడ్డు పక్కన మూతపడ్డ రాతి క్వారీ ఒకటి కనిపిస్తే బండి అటు తిప్పాను. వచ్చేశాం, లోయ ఇదేనన్నాను.

ఆయన దిగారు. కింద నుంచి గాలి మొహానికి కొట్టింది. కేక వేస్తే తిరిగి వినిపించింది. అంతే, నమ్మేశారు. టోపీ తీసి, క్లాసులో పెట్టే గొంతు పెట్టి, పొరలు పొరలుగా రాయి ఎలా ఏర్పడిందో పాఠం చెప్పారు. కళ్ల వెంట నీళ్లు. అడుగున మురికినీళ్ల మడుగు, పక్కన తుప్పు పట్టిన లారీ. నది మెరుస్తోందా అని అడిగారు. మెరుస్తోందన్నాను. బండెక్కి తలగడలో మొహం పెట్టుకుని నవ్వాను. ఇంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

రేపు సూర్యోదయం కూడా ఇక్కడే కావాలట. సరే, నాదేం పోయింది.

మే 9, హాస్పిటల్ వరండా

ఎలా జరిగిందో రాస్తాను. పొద్దున నేను టీ పెడుతున్నాను. తలుపు చప్పుడైంది. తొంగి చూస్తే ఆయన చేతులు ముందుకు చాపి అంచు వైపు నడుస్తున్నారు. ఆగండని అరిచాను. రెయిలింగ్ దగ్గరికి వెళ్తున్నానన్నారు. లోయ అంచంతా నడుమెత్తు ఇనప రెయిలింగ్ ఉంటుంది, పిల్లలకు బొమ్మ కూడా చూపించానన్నారు.

"రెయిలింగ్ లేదండీ. ఇది లోయ కాదు, క్వారీ. నేను అబద్ధం చెప్పాను."

నవ్వారు.

"నీకేం కనపడి చచ్చింది? ఉంటుంది."

పరిగెత్తాను. చొక్కా అంచు కూడా అందలేదు.

మే 10

బతికారు. మడుగులో పడబట్టి.

మే 13

పోలీసాయన వచ్చి అడిగితే, మా ఆవిడ ముందే చెప్పింది, నేనే వినలేదని చెప్పారు. అబద్ధం సంగతి ఎత్తనే లేదు. నర్సు నా భుజం తట్టి వెళ్లింది. నేనే వినలేదన్న మాట ఆయన నోట వినడం ఇదే మొదలు. నాకు సిగ్గు లేదు. సంతోషం వేసింది.

మధ్యాహ్నం భోజనం వచ్చింది. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను. రుచి చూడకుండానే పక్కకు నెట్టేశారు.

మే 16

డాక్టర్ నన్ను బయటికి పిలిచి వెన్నెముక సంగతి చెప్పాడు. ఇక మంచమే.

ఏమన్నాడని ఆయన అడిగారు. నెల తిరక్కుండా నడుస్తారన్నాడని చెప్పాను.

నమ్మారు.