ఏకాదశి నాటి కరెంటు

నాన్నకు దండాలు పెట్టి మంగ రాస్తున్నది.

నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అమ్మా నానమ్మా బాగున్నారనుకుంటున్నాను. నీ భుజం నొప్పి తగ్గిందా? తగ్గకుండానే చేపల వేటకు వెళుతుంటావు, నాకు తెలుసు. కాబట్టి తగ్గిందని అమ్మచేత అబద్ధం రాయించకు. ఈ దీవిలో ఫోను సిగ్నలు మాట పూర్తయ్యేదాకా నిలవదు, అందుకే ఉత్తరం. అమ్మ చదువుతుంటే మధ్యలో లేచి వల దగ్గరికి పోవద్దు. ఇందులో నీ సంగతే ఉంది.

వేళకు తింటున్నాను, చిక్కిపోలేదు. అండమాన్ వాన మాత్రం చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. ఓడ వచ్చిన రెండు రోజులే కూరగాయలు దొరుకుతాయి. చేపలకు కొదవ లేదు గాని, అమ్మ పులుసు ఎక్కడి నుంచి వస్తుంది? మొదట్లో ఆదివారం వస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడు లేదు. నిజంగానే లేదు.

నా ఉద్యోగం ఏంటని అడిగినప్పుడల్లా నీకు సరిగ్గా చెప్పలేదు. ఈ దీవికి బయటి నుంచి కరెంటు లైను రాదు. ఊరి కరెంటు ఊళ్లోనే తయారవుతుంది. ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు, గుట్ట మీద ఒక గాలిమర, స్కూలు వెనక బ్యాటరీలు, ఒక పాత డీజిల్ జనరేటరు. అన్నిటినీ కలిపి మైక్రోగ్రిడ్ అంటారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో లెక్కకట్టి చెప్పడమే నా పని.

కొన్ని నెలల వాడకానికి గంటగంటకూ సగటు తీశాను. అంతా బ్రహ్మాండంగా కనిపించింది. జనరేటరు అక్కర్లేదు, పక్క దీవికి పంపేయవచ్చని రిపోర్టు రాసి మా సారుకి ఇచ్చేశాను. దాన్ని ఎక్కించుకుపోయే ఓడ కూడా ఖాయమైంది.

ఇంతలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర నూకాలమ్మ గారు నన్ను పట్టుకున్నారు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపలమ్ముకునే మనిషి. "జనరేటరు తీసుకెళ్లిపోతారంటగా? ఏకాదశి, ద్వాదశి వచ్చాయంటే కరెంటు పోద్దండి. అది వేస్తేగాని ఐసు మర తిరగదు. మా సరుకంతా కుళ్లిపోద్ది కదండి" అన్నారు. తిథికీ కరెంటుకీ సంబంధమేంటని నా పక్కనున్న ఇంజనీరు నవ్వాడు. నాన్నా, నేనూ నవ్వాను.

గదికొచ్చి అన్నం ముందు కూర్చుంటే మనింటి గోడ క్యాలెండరు గుర్తొచ్చింది. తిథి పక్కన పెన్సిలుతో నువ్వు రాసుకునే సముద్రపు పోటు వేళలు గుర్తొచ్చాయి. కంచం పక్కకు నెట్టి లెక్కలు మళ్లీ తీశాను. పోటు ఏరోజుకారోజు ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది కదా. ఇక్కడా పడవలు పోటు మీదే లోపలికొస్తాయి. రాగానే ఐసు మర, నీళ్ల మోటార్లు అన్నీ ఒక్కసారే తిరుగుతాయి. రోజుకో వేళకు పడే ఆ బరువు నా సగటులో నెలంతా పరుచుకుపోయి, అసలు లేనట్టే కనిపించింది. ఏకాదశి, ద్వాదశులకు పోటు సరిగ్గా పొద్దుగూకే వేళకు వస్తుంది. సోలార్ పడుకుంటుంది, ఇళ్లలో లైట్లు వెలుగుతాయి, పడవలూ అప్పుడే వస్తాయి. నీ కూతురినై ఉండి ఇది ఇంకొకరు చెబితేగాని నాకు తట్టలేదు. చచ్చేంత సిగ్గేసింది.

పొద్దున్నే సారు దగ్గరికి వెళ్లి నా రిపోర్టు తప్పని చెప్పాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, అయినా చెప్పాను. తిథుల వారీగా మళ్లీ తీసిన లెక్క ముందు పెట్టాను.

సారు పట్టిక మీద వేలు పెట్టి ఒక్కో తిథీ చదివారు. "ఓడని ఏకాదశి దాకా ఆపుతానమ్మా. ఆ రోజు జనరేటరు ఆపి చూద్దాం. కరెంటు పోకుండా ఉందా, జనరేటరు వెళ్లిపోద్ది. నీ ఉద్యోగం సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందాం" అన్నారు.

ఏకాదశి సాయంత్రం అందరం ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడ్డాం. పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మర తిరగడం మొదలైంది. లైట్లు రెండుసార్లు మినుకుమన్నాయి, అంతే, ఊరంతా చీకటి. కరెంటు పోయినందుకు అంత సంతోషించిన ఎలక్ట్రికల్ ఇంజనీరు నేనొక్కదాన్నే అయ్యుంటాను. పరిగెత్తి జనరేటరు వేయించాను. ఒక్క బుట్ట కూడా పాడవలేదు.

అప్పుడు సారు అడిగారు, ఈ పోటు లెక్క ఎక్కడ నేర్చుకున్నావని.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతున్నాను, కోప్పడకు. కాలేజీలో నాలుగేళ్లూ ఎవరడిగినా మా నాన్నది వ్యాపారం అని చెప్పాను. ఆ సాయంత్రం మాత్రం అందరూ వినేలా "మా నాన్న వేటకెళ్తారండి" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. నూకాలమ్మ గారు నా వీపు మీద ఒక్కటి చరిచి, "ముందే చెప్పొద్దటమ్మా!" అన్నారు.

బ్యాటరీలు పెంచేదాకా జనరేటరు ఇక్కడే ఉంటుంది. నాకు పర్మనెంటు కాగితం కూడా వచ్చింది. అమ్మ ద్రాక్షారామం మొక్కు తీర్చేసుకోవచ్చు, నా పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టమను. సారు కొత్త రిపోర్టులో తిథుల పట్టికను అలాగే ఉంచారు. దాని కింద ఈ పద్ధతి ఎవరిదో రాయమంటే నీ పేరు రాశాను.

చిన్న పని. నువ్వు గుర్తులు పెట్టిన పాత క్యాలెండర్లు అటక మీద ఉంటాయి. అమ్మ వాటిని చించి డబ్బాల కింద పరిచేలోగా నాకు పంపించు. నానమ్మకు నా దండాలు. నీ భుజానికి వేణ్ణీళ్ల కాపడం పెట్టించుకో. మీ ముగ్గురి దీవెనలు ఎప్పుడూ నామీద ఉండాలి.

ఇట్లు,
వేటకెళ్లే పోలయ్య కూతురు
మంగ